దొడ్డు గింజ ఆశ, మొలక లెక్క: సోయాలో సైజు, ఆకారం వారసత్వంగా ఎలా వస్తాయి

ఉత్తర తెలంగాణలో సోయా ప్రధానంగా నల్లరేగడి పంట. గోదావరికి ఇవతల నిజామాబాద్, కామారెడ్డి, అవతల నిర్మల్, ఆదిలాబాద్ దాని ఇలాకా. వరంగల్ దాకా వస్తే పత్తి, మిరప, మొక్కజొన్నల మధ్య అది పెద్దగా కనిపించదు. ఈ జిల్లాల్లో తొలకరికి కొనే సోయా విత్తనం మామూలుగా 30 కిలోల సంచి. అందులో ఎన్ని కిలోలున్నాయో అందరికీ తెలుసు, ఎన్ని గింజలున్నాయో ఎవరూ అడగరు. నూరు గింజలు 11 గ్రాములు తూగే రకమైతే ఆ సంచిలో సుమారు 2,72,000 గింజలుంటాయి. 16 గ్రాములు తూగే దొడ్డు రకమైతే 1,87,000 మాత్రమే. సాలుకు సాలుకు 45 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 5 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు 1,80,000 మొక్కలు కావాలి. ధ్రువీకరించిన సోయా విత్తనానికి కనీస మొలక 70 శాతం. ఆ లెక్కన చిన్న గింజ సంచి ఎకరం నింపుతుంది. దొడ్డు గింజ సంచి 1,31,000 మొక్కల దగ్గరే ఆగిపోతుంది. పాతిక శాతానికి పైగా మొక్కలు తక్కువ, తప్పు మాత్రం విత్తిన మనిషి మీదికి పోతుంది.

గింజ సైజు కంటికి నచ్చే గుణం ఒక్కటే కాదనడానికి ఈ లెక్క చాలు. విత్తన ఖర్చు, మొలక, నిల్వ, నూర్పిడి నష్టం అన్నీ దాని చుట్టే తిరుగుతాయి. అందుకే ఒక రకానికి ఆ సైజు ఎక్కడి నుంచి వస్తుందో, దాన్ని ఎంతవరకు మార్చవచ్చో, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం అవసరం.

కల్లంలో ఏరిన పెద్ద గింజ

జల్లెడ పట్టి పైన మిగిలిన పెద్ద గింజలనే విత్తనానికి దాచుకుంటే రకం ఏటేటా దొడ్డుబడుతుందని ఒక నమ్మకం ఉంది. అలా జరగదు. సోయా పువ్వు పూర్తిగా విచ్చుకోకముందే తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతుంది. బయటి పుప్పొడి తగలడం సాధారణంగా ఒక శాతం లోపే. అందువల్ల స్థిరపడిన ఒక రకంలో పెద్ద గింజకైనా చిన్న గింజకైనా జన్యువులు దాదాపు ఒకటే. పెద్దది ఎందుకు పెద్దదైందంటే మంచి కణుపులో ఉంది, ఎండ బాగా తగిలింది, లేదా పక్క గింజ ఎండిపోయి దాని ఆహారం కూడా దీనికే వచ్చింది. ఈ కారణాల్లో ఏదీ మరుసటి తరానికి వెళ్లదు.

డెన్మార్క్ శాస్త్రవేత్త విల్హెల్మ్ జొహాన్సెన్ 1903లోనే దీన్ని నిరూపించాడు. 'ప్రిన్సెస్' అనే బీన్స్ రకం నుంచి 19 శుద్ధ వరుసలు, అంటే ఒక్కో మొక్క నుంచి స్వపరాగంతో వచ్చిన సంతతులు తీసి, ప్రతి వరుసలో పెద్ద గింజలను, చిన్న గింజలను వేరువేరుగా విత్తాడు. వరుసకూ వరుసకూ తేడా నిలిచింది. ఒకే వరుసలో ఏరిన పెద్ద గింజల పిల్లలకు, చిన్న గింజల పిల్లలకు తేడా రాలేదు. శుద్ధ వంశక్రమం అనే భావన అక్కడే పుట్టింది.

అలాగని జల్లెడ వృథా కాదు. ముడుచుకుపోయినవి, పగిలినవి, సగం నిండినవి కిందికి పోతాయి కాబట్టి మొలక మెరుగవుతుంది. అది విత్తన నాణ్యత, రకం మార్పు కాదు. రెండు రకాలను సంకరం చేసి, ఇంకా జన్యువులు విడిపోతున్న తరాల్లో జల్లెడ పడితే కథ వేరు. అక్కడ గింజకూ గింజకూ మధ్య నిజమైన వారసత్వ తేడా ఉంటుంది. రెండు మూడు తరాలు వరుసగా జల్లెడతో వేరుచేస్తే సగటు సైజు కదులుతుంది. ఒకే పనిముట్టు ఒక చోట పనిచేసి ఇంకోచోట పనిచేయకపోవడానికి కారణం జల్లెడ కాదు, దాని మీద పోసిన కుప్ప.

ఒక గింజలో రెండు తరాలు

గింజను నానబెట్టి విప్పితే పైన పల్చటి పొట్టు, లోపల రెండు పప్పుబద్దలు, ఒక పక్కన చిన్న మొలక కనిపిస్తాయి. అంకురచ్ఛదం పక్వానికి ముందే దాదాపు కరిగిపోతుంది. పొట్టు పూర్తిగా తల్లి మొక్క కణజాలం. పప్పు, మొలక తర్వాతి తరానివి. ఇవి ఎంత పెరగాలో చాలావరకు తల్లి మొక్క నిర్ణయిస్తుంది. పొట్టు ఎంత విస్తరిస్తే పప్పుకు అంత చోటు, పొట్టు ఎంత చక్కెర దించితే అంత నింపు.

సంకరం చేసేవాళ్లు ఇక్కడే ఎక్కువగా పొరబడతారు. చిన్న గింజ రకాన్ని తల్లిగా, దొడ్డు రకాన్ని తండ్రిగా పెడితే, సంకరం చేసిన కాయలోని గింజ తల్లి గింజలాగే చిన్నదిగా కనిపిస్తుంది. "సంకరం పట్టలేదు" అనుకుని దాన్ని పక్కన పడేస్తే పనంతా పోయినట్టే. సంకరం పట్టిందో లేదో సైజు చెప్పదు, పూల రంగు చెబుతుంది. తెల్లపూల రకాన్ని తల్లిగా, జేఎస్ 335 లాంటి ఊదాపూల రకాన్ని తండ్రిగా తీసుకుంటే నిజమైన సంకర మొక్కకు మొలక దశలోనే పప్పుబద్దల కింది కాండం ఊదాగా ఉంటుంది. ఆకుపచ్చగా ఉన్నది స్వపరాగంతో వచ్చింది, దాన్ని పీకేయాలి. ఊదా ప్రబల గుణం, అంటే తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా బయటపడేది కాబట్టి తల్లిదండ్రులను తారుమారు చేస్తే ఈ గుర్తు పనికిరాదు.

పువ్వు పొడవు 6, 7 మిల్లీమీటర్లే. మరునాడు విచ్చుకోబోయే ఉబ్బిన మొగ్గను ఎంచుకుని, రక్షక పత్రాలు, ఆకర్షణ పత్రాలు, పది పుంకేసరాలు సన్నని చిమటాతో తీసేసి, అప్పుడే విచ్చుకుంటున్న తండ్రి పువ్వు పుప్పొడిని కీలాగ్రానికి తాకించాలి. కీలాగ్రం నలిగితే కాయ పట్టదు. పట్టిన కాయలో ఒకటి రెండు గింజలు వస్తే మంచిదే. అదే కణుపులోని మిగతా మొగ్గలు తుంచకపోతే ఏ కాయ సంకరమో వారం తర్వాత తెలియదు.

తల్లి ప్రభావం వల్ల సైజు కొలత ఒక తరం వెనక నడుస్తుంది. సంకరం తర్వాత రెండో తరం మొక్క జన్యువులు ఎలాంటివో దానికి కాసిన గింజల సైజులో కనిపిస్తాయి, దాన్ని మొలిపించిన గింజ సైజులో కాదు. అందుకే ఒక్కో గింజను తూచి ఎంపిక చేయకూడదు. మొక్కవారీగా కోసి, నూరు గింజలు తూచాలి.

సగటు ఎందుకు కిందికి జారుతుంది

నూరు గింజల బరువు ఒకటి రెండు జన్యువుల పని కాదు. సోయాకు 20 జతల క్రోమోజోములు. గింజ బరువును ప్రభావితం చేసే స్థానాలు, పరిశోధకులు క్యూటీఎల్ అనేవి, వాటన్నిటి మీదా దొరికాయి. ఒక్కొక్కదాని ప్రభావం చిన్నది. అయినా దిగుబడితో పోలిస్తే గింజ బరువు వారసత్వం చాలా గట్టిది. ఆదిలాబాద్‌లో దొడ్డుగా ఉన్న వరుస నిజామాబాద్‌లోనూ మిగతా వాటికన్నా దొడ్డుగానే ఉంటుంది. రెండుచోట్లా గ్రాములు మారతాయి, వరుసక్రమం అంతగా మారదు.

అడవి సోయా, అంటే గ్లైసిన్ సోజా గింజలు నూరు తూచితే 1 నుంచి 3 గ్రాములు. మన పొలాల్లో సాగయ్యే రకాలు 10 నుంచి 15 గ్రాముల మధ్య ఉంటాయి. పచ్చికాయ కూరకు వాడే స్వర్ణ వసుంధర, కరుణె లాంటి కూరగాయ సోయా వీటికన్నా ఎంతో పెద్దది. రెండు తీవ్రమైన సైజులను కలిపినప్పుడు పిల్లల సగటు ఎక్కడ పడుతుందో చూడాలి. 2 గ్రాముల అడవి రకాన్ని 18 గ్రాముల సాగు రకంతో కలిపితే సగటు 10 గ్రాముల దగ్గర ఉండాలని తోస్తుంది. వాస్తవంలో అది 6 గ్రాముల చుట్టూ పడుతుంది, ఎందుకంటే ఇక్కడ జన్యువులు కూడికలా కాక గుణకారంలా పనిచేస్తాయి. 2ను 18తో గుణిస్తే 36, దాని వర్గమూలం 6. చిన్న గింజ గుణానికి కొంత ప్రాబల్యం ఉన్నట్టు కనిపించడానికి ఇదే కారణం.

ఆచరణలో దీని అర్థం ఒకటే. తెగులు నిరోధక శక్తి కోసం అడవి సోయాను వాడితే ఒక్క సంకరంతో సాగు సైజు తిరిగి రాదు. సాగు రకంతో రెండు మూడుసార్లు వెనక్కి సంకరం చేయాల్సిందే. విడిపోతున్న తరంలో కొలతలను నేరుగా కాకుండా లాగరిథం వేసి విశ్లేషించకపోతే లేని జన్యువులు ఉన్నట్టు, ఉన్నవి లేనట్టు లెక్క తేలుతుంది.

పేరు తెలిసిన జన్యువులు

2010లో విలియమ్స్ 82 అనే సోయా రకం జన్యుక్రమం వెలువడిన తర్వాత సైజు జన్యువులను గుర్తించే పని వేగం పెరిగింది. సోయా జన్యువుల్లో దాదాపు 75 శాతానికి ఒకటికి మించి నకళ్లున్నాయని అప్పుడే తేలింది. సుమారు 5.9 కోట్ల ఏళ్ల కింద ఒకసారి, 1.3 కోట్ల ఏళ్ల కింద ఇంకోసారి మొత్తం జన్యురాశి రెట్టింపైంది. ఒక నకలు ఆగినా రెండోది కొంత సర్దుకుంటుంది. సైజు మీద పెద్ద దెబ్బ కొట్టే ఒకే ఒక్క మార్పు దొరకడం కష్టమవడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పటిదాకా దొరికిన సైజు జన్యువుల్లో అన్నిటికన్నా అర్థవంతమైనవి స్వీట్10ఏ, స్వీట్10బీ. పేరుకు తగ్గట్టే ఇవి చక్కెరను పొట్టు నుంచి పిండంలోకి దించే దారులు. రెండింటినీ ఆపేస్తే గింజ చిన్నబడుతుంది, నూనె తగ్గుతుంది, మాంసకృత్తుల శాతం పెరుగుతుంది. ఎక్కువగా పనిచేయిస్తే సైజు, నూనె రెండూ పెరుగుతాయి. సైజునూ నూనెనూ మాంసకృత్తులనూ వేరువేరు గుణాలుగా చూసి ఎంపిక చేస్తే ఎందుకు చిక్కుపడతారో ఈ జన్యువులే వివరిస్తాయి. చక్కెర ప్రవాహం ఒకటే, అది మూడు చోట్ల కనిపిస్తుంది.

ఐదో క్రోమోజోము మీది ఎస్‌టీ05 గింజ మందాన్ని నియంత్రిస్తుంది, స్వీట్10ఏ పనిని కూడా పెంచుతుంది. ఎనిమిదో క్రోమోజోము మీది ఎస్‌టీ1 గింజ మందాన్ని మార్చి, చదునైన గింజను గుండ్రం వైపు నడిపించింది. ఈ రెండూ 2022లో వెలుగులోకి వచ్చాయి. పీపీ2సీ-1 అన్నది అడవి సోయా నుంచి దొరికిన మంచి రూపం, గింజ బరువు పెంచుతుంది. సాగు రకాల్లో దాదాపు 40 శాతానికి ఈ మంచి రూపం లేదని 2017 అధ్యయనం చూపింది. అడవి మొక్క గింజ చిన్నదే అయినా దాని దగ్గర పెద్ద గింజకు పనికొచ్చే జన్యువు ఉండటం గమనించాలి. సైజు చూసి తల్లిదండ్రులను తోసిపుచ్చడం ఎందుకు తప్పో ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. బీఎస్1 వీటికి వ్యతిరేకంగా పనిచేసే కళ్లెం లాంటిది. దాని పని తగ్గిస్తే గింజ పెద్దదవుతుంది.

ఇరవయ్యో క్రోమోజోము మీది ఎల్ఎన్ స్థానం మరో కోణం చూపుతుంది. సన్న ఆకు రూపం ఉన్న మొక్కల్లో నాలుగు గింజల కాయలు ఎక్కువగా వస్తాయి. కాయలో గింజలు పెరిగితే ఒక్కో గింజ బరువు కొంత తగ్గడం సహజం. మొక్క చేసే ఆహారం ఒకటే, పంచుకునేవాళ్లు పెరుగుతారు. సైజు ఒక్కదాన్నే పట్టుకుని లాగితే కాయల సంఖ్య, గింజల సంఖ్య జారిపోతాయి, దిగుబడి ఉన్నచోటే ఉంటుంది.

గుండ్రం, చదును

ఆకారాన్ని పొడవు, వెడల్పు, మందం అనే మూడు కొలతలతో పట్టుకుంటారు. ఒక వరుస నుంచి 25 లేదా 30 గింజలు తీసి వెర్నియర్‌తో మూడు వైపులా కొలుస్తారు. మూడింటి లబ్ధానికి ఘనమూలం తీసి పొడవుతో భాగిస్తే గుండ్రతనం వస్తుంది. పొడవు 7.2, వెడల్పు 6.3, మందం 5.4 మిల్లీమీటర్లయితే 0.87. ఒకటికి ఎంత దగ్గరైతే అంత గుండ్రం. కొలిచేటప్పుడు తేమ ఒకేలా ఉండాలి. రాత్రి నానబెట్టిన సోయా పొద్దునకు గుండ్రం పోయి పొడుగ్గా కనిపించడం వంటింట్లో అందరూ చూసినదే. తేమ ఎక్కువున్న గింజలో అదే మార్పు కొద్దిగా జరిగి ఉంటుంది.

బరువుకూ అదే జాగ్రత్త. 18 శాతం తేమతో 13.2 గ్రాములు తూగిన నూరు గింజలు 12 శాతం తేమ దగ్గర 12.3 గ్రాములే. 13.2ను 82తో గుణించి 88తో భాగిస్తే అది తెలుస్తుంది. ఈ సవరణ చేయకుండా ఆలస్యంగా పండిన వరుసను ముందే ఎండిన వరుసతో పోలిస్తే పచ్చిదే గెలుస్తుంది.

ఆకారం యంత్రానికి ముఖ్యం. విత్తన శుద్ధి కేంద్రంలో గాటు రంధ్రాల జల్లెడ మందాన్ని బట్టి, గుండ్రటి రంధ్రాల జల్లెడ వెడల్పును బట్టి వేరుచేస్తాయి. మెలికల జారుడు యంత్రంలో గుండ్రటి గింజ వేగంగా దొర్లి బయటి దారి పడుతుంది, బద్దలు, చదును గింజలు లోపలే జారతాయి. చదునుగా ఉండే రకాన్ని అందులో పోస్తే మంచి గింజలే పనికిరాని కుప్పలోకి పోతాయి. తప్పు యంత్రానిది కాదు, రకానికి తగ్గట్టు దాన్ని మార్చుకోకపోవడమే.

పుబ్బ, ఉత్తర కార్తెలు చేసే పని

జన్యువులు ఇచ్చేది హద్దు మాత్రమే. పప్పుబద్దల్లో కణాల సంఖ్య గింజ ఎదుగుదల తొలి వారాల్లో తేలిపోతుంది, తర్వాత జరిగేదంతా ఆ కణాలు నిండటమే. జూన్ చివర విత్తిన సోయాలో గింజ నిండేది ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్య దాకా, అంటే పుబ్బ కార్తె, ఉత్తర కార్తె ఆరంభం. ఆ పదిహేను ఇరవై రోజులు వాన మొహం చాటేస్తే చెలక నేలల్లో గింజ సన్నబడుతుంది, నల్లరేగడి కొంత ఆదుకుంటుంది. పల్లాకు తెగులు, కాండం తొలిచే పురుగులు చేసేదీ అంతే, నింపు మధ్యలో ఆపడం. ఆ ఏడాది ఒక్క పొలం కొలతతో "ఈ వరుస సన్నది" అని తీర్పు చెప్పడం అన్యాయం. ఒక్కో చోట మూడు పునరావృతాలు (అదే వరుసను మూడు వేర్వేరు మడుల్లో వేయడం), కనీసం రెండు వానాకాలాలు, పక్కనే తెలిసిన రకం సాళ్లు ఉంటేనే అంకె నమ్మదగ్గది.

ఎంత దొడ్డు చాలు

మన దేశంలో రకాలను వర్ణించేటప్పుడు నూరు గింజలు 10 గ్రాముల లోపుంటే చిన్నవి, 13 దాటితే పెద్దవి అంటారు. మన జిల్లాలకు ఈ రెండింటి నడుమ ఉన్న సైజే సరైన గురి. జబల్‌పూర్ నుంచి 1994లో వచ్చిన జేఎస్ 335 దశాబ్దాలపాటు నిలవడానికి మిగతా కారణాలతో పాటు దాని మధ్యరకం గింజ కూడా సాయపడింది. ఆదిలాబాద్ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన బాసర రకాన్నైనా, రేపు రాబోయే వాటినైనా ఈ కొలబద్దతోనే చూడాలి.

దొడ్డు గింజకు మూడు కష్టాలున్నాయి. మొదటిది పొట్టు. గింజ మొత్తం బరువులో పొట్టు 8 శాతం చుట్టుపక్కలే, దాని కిందే ఒక అంచున మొలక ఉంటుంది. పొట్టుకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థం తక్కువుంటే చిన్న దెబ్బకే పగులుతుంది. గింజ బరువైతే థ్రెషర్ డ్రమ్ములో, బస్తా దించేటప్పుడు తగిలే దెబ్బ కూడా గట్టిదే. తేమ 13 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు, డ్రమ్ము నిమిషానికి 350 నుంచి 400 చుట్లు మించకుండా నూరిస్తే విత్తనం బతుకుతుంది. బాగా ఎండిన గింజను వేగంగా నూరిస్తే బయటికి మెరుస్తూ కనిపిస్తుంది, లోపల మొలక విరిగి ఉంటుంది. నూరు గింజలను పది నిమిషాలు నీళ్లలో వేసి చూస్తే పొట్టు పగిలినవి ముందుగా ఉబ్బి ముడతలు పడతాయి. పదికి మించి అలా ఉబ్బితే ఆ కుప్పను విత్తనానికి వాడకపోవడం మంచిది.

రెండోది మొలకెత్తడం. సోయా తన పప్పుబద్దలను మోసుకుంటూ పైకి వస్తుంది. విత్తిన రెండో రోజు గట్టి వాన పడి, తర్వాత ఎండ కాసి నేల పెచ్చుకడితే పెద్ద బద్దలు ఆ పెచ్చును చీల్చలేక మెడ విరుగుతుంది. 3, 4 సెంటీమీటర్ల లోతు దాటకూడదని చెప్పేది అందుకే. గింజ తన బరువులో సగం నీళ్లు పీల్చుకుంటే కానీ మొలవదు, అరకొర తేమలో పెద్ద గింజకు అదీ కష్టమే.

మూడోది నిల్వ. అక్టోబరులో కోసిన విత్తనం జూన్ దాకా ఆగాలి, మధ్యలో ఏప్రిల్, మే ఎండలు దాటాలి. చిన్న గింజ, నల్ల పొట్టు రకాలు దీన్ని బాగా తట్టుకుంటాయి. మధ్య భారతపు పాత రకం కాలితూర్ అందుకు పేరుపడింది. పెంపకంలో ఈ గుణాన్ని ముందే పరీక్షించవచ్చు. గింజలను 41 డిగ్రీల వేడిలో, దాదాపు నిండు తేమగల గాలిలో 72 గంటలు ఉంచి, తర్వాత మొలక చూస్తారు. ఒకే సైజు వరుసల్లో కూడా కొన్ని కుప్పకూలతాయి, కొన్ని నిలబడతాయి. దొడ్డుతనం మీద పెట్టే శ్రద్ధలో సగం ఈ పరీక్ష మీద పెడితే రైతుకు ఎక్కువ మేలు.

మార్కెట్ వైపు నుంచి చూసినా దొడ్డు గింజకు అదనపు ధర లేదు. 2025-26కు క్వింటాకు 5,328 రూపాయల మద్దతు ధర. కొనుగోలులో చూసేది తేమ 12 శాతం దాటిందా, పగిలినవి, ముడుచుకున్నవి, మట్టిపెళ్లలు ఎన్ని అన్నదే. నూనె మిల్లుకు గింజ సైజుతో పనిలేదు. కూరగాయ సోయా లెక్క వేరు, అక్కడ సైజుకే డబ్బు. అది వేరే పంటలా, వేరే విత్తన ఏర్పాటుతో సాగాలి.

కాబట్టి పెంపకపు నోటుపుస్తకంలో గురి "ఎంత పెద్దదైతే అంత" అని కాకుండా "11 నుంచి 13 గ్రాములు, గుండ్రతనం బాగుండాలి, వేడి తేమ పరీక్ష తర్వాత మొలక నిలవాలి" అని ఉండాలి. రెండో తరం నుంచి మొక్కకు ఒక గింజ చొప్పున, ఏరకుండా చేతికొచ్చినది తీసుకుంటూ నాలుగైదు తరాలు నడిపి, స్థిరపడ్డాక వరుసలవారీగా తూచడం మేలు. ముందే పెద్ద గింజలు ఏరితే ఆలస్యంగా పండేవి, కాయలు తక్కువున్నవి తెలియకుండానే పోగవుతాయి.

రైతు చేతిలో ఉన్న పని ఇంతకన్నా చిన్నది. సంచి విప్పగానే ఏరకుండా నూరు గింజలు లెక్కపెట్టి చిన్న తక్కెడ మీద తూచాలి. తడి గోనెసంచిలో ఇంకో నూరు గింజలు చుట్టి వారం రోజులు చూస్తే మొలక శాతం తెలుస్తుంది. బరువును 180తో గుణించి మొలక శాతంతో భాగిస్తే ఎకరాకు కావాల్సిన కిలోలు వస్తాయి. 16 గ్రాములు, 70 శాతమైతే 41 కిలోలు. 11 గ్రాములు, 70 శాతమైతే 28. పొలంలో మొలక ఇంట్లో పరీక్షకన్నా తక్కువే ఉంటుంది, రెండు మూడు కిలోలు కలుపుకోవాలి. 13 గ్రాముల గింజ 78 శాతం మొలిస్తే లెక్క సరిగ్గా 30 కిలోలు, ఒక సంచి.